ఏసీలో కోడ్ వస్తే బోర్డు పోయినట్టేనా?

ఎండాకాలం మొదలైందంటే కర్నూల్లో ఎవరింటికి పోయినా కాసేపటికి ఈ మాట వినబడుతుంది: "మా ఏసీలో ఏదో కోడ్ వచ్చింది, బోర్డు పోయిందంట." కోడ్ అంటే తేడా వచ్చినప్పుడు ఏసీ చూపించే అక్షరం, అంకె. బోర్డు అంటే ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. ఎవరు చెప్పారని అడిగితే మెకానిక్ చెప్పాడంటారు. ఆయనకెలా తెలిసిందంటే కోడ్ చూసి చెప్పాడంటారు. మొన్న ఒక పెళ్లిలో భోంచేస్తుంటే పక్కన కూర్చున్న పెద్దాయన ఇదే చెప్పుకొచ్చాడు. పోయిన ఎండాకాలం బోర్డు మార్పించాడట, ఈ ఎండాకాలం మళ్లీ మార్పించాడట, అయినా మధ్యాహ్నం రెండు దాటితే చాలు అదే కోడ్ వచ్చి ఏసీ ఆగిపోతోందట. "ఇప్పుడు కూడా బోర్డే అంటున్నారప్పా, ఏం చేయాల?" అన్నాడు. వడ్డించేవాళ్లు వచ్చేసరికి మాట మారిపోయింది కానీ నా బుర్రలో అది తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం వచ్చి, సాయంత్రం చల్లబడ్డాక మాయమయ్యే కోడ్‌కి బోర్డు కారణమని అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కోడ్ ఎక్కడ తేడా కనబడిందో చెబుతుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పదు. ఎందుకొచ్చిందో మీటర్ పెట్టి కొలిస్తేనే తేలుతుంది. అందుకని కొలవకుండా, కోడ్ ఒక్కటే చూసి వేలల్లో పార్టు మార్చమంటే ఇంటివాళ్లు ఒప్పుకోకూడదు. కోడ్ అర్థం ఏంటి, ఏం కొలిచారు, ఎంత వచ్చింది అని అడగాలి. అలా అడగడం మెకానిక్‌ని అనుమానించడం అవుతుందేమో అని చాలామంది మొహమాటపడతారు. ఆ మొహమాటం మంచిది కాదని నేననుకుంటున్నా.

అసలు కోడ్ ఎలా పుడుతుంది

ఇన్వర్టర్ ఏసీలో లోపల ఒక బోర్డు, బయట ఔట్‌డోర్‌లో ఇంకో బోర్డు ఉంటాయి. గదిలో గాలి ఎంత వేడిగా ఉంది, కాయిల్ ఎంత చల్లబడింది, కంప్రెసర్ నుంచి వచ్చే పైపు ఎంత కాలుతోంది అన్నవి థర్మిస్టర్లు, అంటే వేడిని కొలిచే చిన్న చిన్న సెన్సర్లు, బోర్డుకి చేరవేస్తాయి. వేడి పెరిగేకొద్దీ వాటి రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఆ తగ్గుదలని బట్టి బోర్డు డిగ్రీలు లెక్కేసుకుంటుంది. వీటితో పాటు కంప్రెసర్ ఎంత కరెంటు లాగుతోంది, ఫ్యాను ఎంత వేగంతో తిరుగుతోంది, వోల్టేజ్ ఎంత ఉంది, అవతలి బోర్డు నుంచి జవాబు వస్తోందా లేదా అన్నది కూడా చూసుకుంటూ ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి హద్దు దాటినా ఏసీని ఆపేసి ఒక కోడ్ చూపిస్తుంది. బోర్డుకి తెలిసింది అంతే. సెన్సర్ నుంచి రీడింగ్ రాకపోతే "సెన్సర్" అని కోడ్ ఇస్తుంది. సెన్సర్ చెడిపోయిందా, దాని కనెక్టర్ వదులైందా, వైరుని ఎలుక కొరికిందా అన్నది దానికి తెలిసే దారే లేదు.

మన రాయలసీమలో బోరు లేని పల్లె ఉండదు. బోరులో నీళ్లు రాకపోతే ఏ రైతూ పొద్దున్నే లేచి మోటారు కొత్తది తెచ్చుకోడు. ముందు మూడు ఫేజులూ ఉన్నాయా చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు, స్టార్టర్ చూస్తాడు, కేబుల్ చూస్తాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే మోటారు పైకి తీయించే ఖర్చుకి సిద్ధపడతాడు. అదే మనిషి కొడుకు ఇంట్లో ఏసీ ఆగిపోతే ఫోన్‌లో "బోర్డు పోయిందంట నాయనా" అని వింటాడు, సరే మార్పించమంటాడు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బులు పోయేది కమ్యూనికేషన్ కోడ్ దగ్గర. ఇండోర్‌కీ ఔట్‌డోర్‌కీ మధ్య సిగ్నల్ అందడం లేదని ఆ కోడ్ అర్థం. చాలా ఏసీల్లో ఈ రెంటి మధ్యా ఫేజు, న్యూట్రల్, ఎర్తు, సిగ్నల్ అని నాలుగు వైర్లు పోతాయి, సిగ్నల్ తిరిగొచ్చేది న్యూట్రల్ మీదుగానే. కాబట్టి ఎక్కడో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా ఈ కోడ్ వస్తుంది. స్క్రూ వదులైనా వస్తుంది. ఔట్‌డోర్‌కి అసలు కరెంటే అందకపోయినా వస్తుంది. నిజంగా బోర్డు పోయినా వస్తుంది. ఇన్ని కారణాలుంటే ఆఖరిదాన్ని మొదట పట్టుకోవడం ఏంటి?

మా అక్క వాళ్లింట్లో ఇదే జరిగింది. వాళ్లుండేది నంద్యాల చెక్‌పోస్ట్ వైపు, ఏసీ మొదట కింద ఉండేది, తర్వాత మేడ మీదికి మార్పించారు. ఒకరోజు పొద్దున ఈ కోడ్ వచ్చింది. కంపెనీ సర్వీస్ నుంచి వచ్చిన అబ్బాయి డిస్‌ప్లే చూసి, ఔట్‌డోర్ మూత కూడా తీయకుండా, బోర్డుకి తొమ్మిది వేలవుతుందని కాగితం మీద రాసిచ్చాడు. అక్క నాకు ఫోన్ చేస్తే, వీధి చివర షాపు పెట్టుకున్న ఒక భాయ్‌ని పిలిపించాం. ఆయన ఎంసీబీ, అంటే ఏసీకి కరెంటు ఆపే స్విచ్ దించి, కాసేపు ఆగి, ఔట్‌డోర్ పక్క మూత తీశాడు. మళ్లీ కరెంటు వేసి టెర్మినల్ దగ్గర కొలిచాడు, కరెంటు వస్తోంది. సిగ్నల్ వైరు లోపలి కొస దగ్గర కొలిచాడు, బయటి కొస దగ్గర కొలిచాడు. "ఆడ ఉందక్కా, ఈడ లేదు. నడుమ యాడో తెగింది" అన్నాడు. గోడలోంచి పైపు బయటికొచ్చే చోట తెల్ల కేసింగ్ తీస్తే జాయింటు కనబడింది. మేడ మీదికి మార్చినప్పుడు వైరు చాలక అతికించినట్టున్నారు. ఫేజు జాయింటు వేడెక్కి నల్ల టేపు జిగురుగా కారి పక్కకి జారిపోయింది, రాగి పోగులు నల్లబడి ఉన్నాయి, ఆ వేడికి పక్కనే ఉన్న సిగ్నల్ వైరు తొడుగు కరిగి లోపలి తీగ తెగిపోయింది. ఎక్కడా జాయింటు లేకుండా మొత్తం కొత్త వైరు లాగాడు. వైరుతో కలిపి వెయ్యిన్నర కూడా కాలేదు. కొత్త బోర్డు వేసి ఉంటే కోడ్ పోయేది కాదు, పైగా ఆ జాయింటు అలాగే వేడెక్కుతూ ఉండేది. నాకు డబ్బు సంగతి కంటే ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసిపోతుంది కదా

తెలుస్తుంది, కానీ జాగ్రత్తగా వెతకాలి. ఉత్తి "ఏసీ ఈ1 ఎర్రర్" అని కొడితే వచ్చేది ఎవరి ఏసీ గురించో. డైకిన్‌లో ఈ1 అంటే ఔట్‌డోర్ బోర్డు వైపు తేడా. గ్రీ వాళ్ల చాలా మోడళ్లలో ఈ1 అంటే గ్యాస్ ప్రెషర్ మరీ ఎక్కువైందని. మిడియా వాళ్ల చాలా మోడళ్లలో అదే ఈ1కి ఇండోర్, ఔట్‌డోర్ మధ్య సిగ్నల్ లేదని అర్థం. హెచ్6 కూడా అంతే. డైకిన్‌లో అది కంప్రెసర్ సంగతి, గ్రీలో లోపలి ఫ్యాను మోటారు సంగతి. ఇంకోవైపు నుంచి చూస్తే, ఆ సిగ్నల్ రావడం లేదన్న ఒక్క విషయాన్నే డైకిన్ యూ4 అంటుంది, ఎల్‌జీ సీహెచ్ 05 అంటుంది, గ్రీ ఈ6 అంటుంది. పైగా గ్రీ, మిడియా లాంటి చైనా కంపెనీలు తయారుచేసినవి వేరే పేర్లతో కూడా అమ్ముడవుతాయి. కాబట్టి ఇండోర్ పక్కన అంటించిన స్టిక్కర్ మీది మోడల్ నెంబర్ మొత్తం కొట్టి, ఆ మోడల్ మాన్యువల్ తీసి చూస్తేనే ఉపయోగం.

కొన్నిటిలో కోడ్ ఎదురుగా కనబడదు కూడా. లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టుకోవాల్సిన మోడళ్లు ఉన్నాయి. డైకిన్ రిమోట్లు చాలావాటిలో క్యాన్సిల్ బటన్ ఒక 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే 00 అని మెరుస్తుంది, ఆ తర్వాత అదే బటన్ నొక్కుతూ పోతే కోడ్లు ఒక్కొక్కటే మారతాయి, అసలు కోడ్ వచ్చినప్పుడు ఏసీ పొడుగ్గా బీప్ అంటుంది. ఇంత మంచి ఏర్పాటు ఉందని ఏసీ బిగించడానికి వచ్చినవాళ్లు ఒక్క మాట చెబితే ఏం పోతుంది? ఇంకో సంగతి, డిస్‌ప్లేలో వచ్చే ప్రతి అక్షరమూ రిపేరు కాదు. ఫిల్టర్ కడగమని గుర్తుచేసేవి, తనంతట తాను ఆరబెట్టుకుంటున్నానని చూపించేవి కూడా ఉంటాయి. వాటికి మెకానిక్‌ని పిలిచి విజిటింగ్ ఛార్జీలు కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఏ టైంకి వస్తోందో చూడండి

నా మటుకు నాకు, కోడ్ ఎంత ముఖ్యమో అది వచ్చిన టైం అంతకంటే ముఖ్యం.

మధ్యాహ్నం మాత్రమే వస్తే ముందు అనుమానించాల్సింది వేడిని. ఏసీ ఇన్ని టన్నులని లెక్కగట్టేది బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 42 దాటడం మామూలే, అదీ నీడలో కొలిచింది. మేడ మీద బండల పక్కన ఎండలో ఉన్న ఔట్‌డోర్ చుట్టూ గాలి ఇంకా ఎక్కువ కాలుతుంది. అందులోని వేడిని బయటికి నెట్టలేనప్పుడు ప్రెషర్ పెరుగుతుంది, పైపు విపరీతంగా వేడెక్కుతుంది, బోర్డు కంప్రెసర్‌ని కాపాడుకోవడానికి ఆపేస్తుంది. అంటే ఆ కోడ్ వచ్చిందంటే బోర్డు తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టు. పెళ్లిలో కలిసిన ఆ పెద్దాయన ఇంటికి తర్వాత పోయి చూశా. దొంగల భయానికి ఔట్‌డోర్ చుట్టూ ఇనుప గ్రిల్ చేయించి, ఎండ తగలకుండా దానిమీద నాపరాయి పరిచి, ముందువైపు ఇనుప రేకు బిగించారు. ఫ్యాను వదిలిన వేడిగాలి రేకుకి కొట్టుకుని వెనక్కి తిరిగి మళ్లీ కాయిల్‌లోకే పోతోంది. కాయిల్ వెనక చెయ్యి పెడితే రెక్కల మధ్య దుమ్ము పొరలు పొరలుగా ఊడొచ్చింది. రేకు తీయించి, కాయిల్ నీళ్లతో కడిగించాక నడుస్తోంది. నీడ ఉండాలి, నిజమే, కానీ ముందూ వెనకా గాలి ఆడాలి.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య వస్తే వోల్టేజ్ చూసుకోవాలి. వీధంతా ఏసీలు వేసే టైం అది. 230 ఉండాల్సింది ఎంతకి పడిపోతోందో సరిగ్గా ఆ టైంకే కొలవాలి. పొద్దున పదకొండుకి వచ్చిన మెకానిక్ మీటర్ పెడితే అంతా బాగానే కనబడుతుంది, "వోల్టేజ్ బాగుంది, మరి బోర్డే" అంటాడు. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసున్న ఏసీలకి కూడా ఎంత నుంచి ఎంత వరకు అని ఒక హద్దు ఉంటుంది, అది మాన్యువల్‌లో ఉంటుంది. హద్దు కంటే కిందికి పడుతుంటే ఫిర్యాదు చేయాల్సింది 1912కి, అంటే కరెంటు వాళ్లకి.

వాన పడ్డాక వస్తే జాయింట్లలో తడి. కరెంటు పోయి వచ్చిన మరుక్షణం నుంచి వస్తే, అప్పుడు మాత్రం బోర్డు మీద అనుమానం పెట్టుకోవచ్చు. నిజంగా బోర్డులు పోతాయి, కాదనను. మా ఎదురింట్లో ఔట్‌డోర్ తెరిస్తే బోర్డు మీద రెండు టెర్మినళ్ల మధ్య బల్లి ఎండిపోయి అతుక్కుని ఉంది, దాని కింద నల్లగా కాలిన మచ్చ. అక్కడ బోర్డు మార్చక తప్పలేదు. కానీ తెరిచి చూశారు, చూపించారు. ఇంటాయన డబ్బులిచ్చేటప్పుడు ఒక్క మాట కూడా అనలేదు.

గ్యాస్ సంగతి

బోర్డు తర్వాత ఎక్కువగా వినబడేది గ్యాస్. గ్యాస్ వాడేకొద్దీ అయిపోదు. సీలు చేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపించుకుంటే ఆ డబ్బు గాల్లో కలిసినట్టే. కాయిల్ మీద ఐసు కట్టిందన్న కోడ్‌కి కూడా కొందరు వెంటనే గ్యాస్ అంటారు. ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆడకపోయినా అదే ఐసు కడుతుంది, ఫిల్టర్ కడగడానికి పైసా ఖర్చు లేదు. ఒకవేళ నిజంగా నింపాల్సి వస్తే, ఆర్32 అనే రకం గ్యాస్ అయితే ఔట్‌డోర్ స్టిక్కర్ మీద ఎంత బరువు రాసుందో అంతే తూకం వేసి నింపాలి, దానికి ముందు వ్యాక్యూమ్ చేయాలి, అంటే పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి. తూకం మిషన్ తీసుకురాని మనిషితో గ్యాస్ నింపించుకోకండి. ఆర్32కి మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది, ఆర్290 అనే ఇంకో రకానికి ఇంకా చాలా ఎక్కువ, అది వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేనే.

మెకానిక్ వైపు నుంచి

ఇదంతా రాస్తుంటే నాకు ఒక అనుమానం వస్తూనే ఉంది. మే నెల మధ్యాహ్నం మేడ మీద పిట్టగోడ అంచున వంగి పనిచేసే ఆ కుర్రాళ్లకి ఇది అన్యాయం అవుతుందా? వాళ్లకి ఒక రోజులో ఇన్ని కాల్స్ ముగించాలని ఉంటుంది. వైరు వెంట వెతుక్కుంటూ పోతే గంట పడుతుంది, అక్కడ ఏమీ దొరక్కపోతే ఆ గంటకి ఇంటివాళ్లు రూపాయి ఇవ్వరు. బోర్డు మారిస్తే పావుగంటలో పని అయిపోతుంది. మనం కూడా తక్కువేం కాదు, ఎండకి ఎక్కొచ్చిన మనిషికి మంచినీళ్లు ఇవ్వకుండా "ఇంకెంతసేపు" అని అడుగుతాం. వైరు అతికించినందుకు వెయ్యి అడిగితే ఎక్కువంటాం, బోర్డుకి తొమ్మిది వేలంటే బేరం కూడా ఆడం. వస్తువుకి డబ్బులిస్తాం, వెతికిన తెలివికి ఇవ్వం. ఇది మారకపోతే మెకానిక్ మారాలని అనడానికి మనకి నోరుండదు. అందుకే తప్పు పట్టుకున్నందుకు విడిగా ఛార్జీ తీసుకునే పద్ధతి రావాలని, మనం దాన్ని సంతోషంగా ఇవ్వాలని నా కోరిక.

ఇంకో వాదన కంపెనీల వైపు నుంచి వినబడుతుంది. కోడ్ల అర్థాలు అందరికీ చెబితే ప్రతివాళ్లూ స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు, ప్రాణాల మీదికి వస్తుంది అంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇన్వర్టర్ ఔట్‌డోర్‌లో కెపాసిటర్లు ఉంటాయి, స్విచ్ ఆపేసిన తర్వాత కూడా వాటిలో మూడొందల వోల్టుల పైచిలుకు కాసేపు నిలిచే ఉంటుంది. ముట్టుకుంటే మనిషి పోవచ్చు. మూడో అంతస్తు గోడకి వేలాడుతున్న ఔట్‌డోర్ దగ్గరికి ఇంట్లో వాళ్లు పోవడం అంతకంటే ప్రమాదం. కాబట్టి ఇంటివాళ్లు మూత తీయకూడదు, ఎంత తెలివి ఉన్నా సరే. అయితే అర్థం తెలియకపోవడం వల్ల ఎవరూ మూత తీయకుండా ఆగిపోవడం లేదు. వీడియోలు చూసి తీసేవాళ్లు తీస్తూనే ఉన్నారు. "ఈ కోడ్ అంటే ఇది, మీరు ఫిల్టర్ వరకే చూసుకోండి, మూత తీయొద్దు" అని కంపెనీనే రాసి పెడితే ఆ ప్రమాదం తగ్గుతుంది.

ఇంటివాళ్ల పని నిజానికి కొంచెమే. కోడ్ ఫోటో తీసుకోవాలి, టైం రాసుకోవాలి. రిమోట్‌తో కాకుండా ఎంసీబీ దించి ఒక పది నిమిషాలు ఆగి మళ్లీ వేయాలి. కొత్తగా వేశాక కంప్రెసర్ మొదలవడానికి మూడు నిమిషాలదాకా పడుతుంది, కంగారుపడక్కర్లేదు. ఫిల్టర్ కడగాలి. ఔట్‌డోర్ ఫ్యాను తిరుగుతోందా, ముందు ఏమైనా అడ్డం ఉందా అని దూరం నుంచి చూడాలి. మళ్లీ అదే కోడ్ వస్తే మెకానిక్‌ని పిలిచి ఇవన్నీ చెప్పాలి. ఎంసీబీ వేయగానే పడిపోతున్నా, కాలిన వాసన వస్తున్నా మాత్రం మళ్లీ మళ్లీ వేసి చూడొద్దు. అలాగే వదిలేసి పిలవండి.

అడగాల్సింది

వారంటీ వల్ల ఇది ఇంకా ముఖ్యం. చాలా కంపెనీలు కంప్రెసర్‌కి పదేళ్లు, బోర్డుకి ఐదేళ్లు ఇస్తున్నాయి, మిగతా వాటికి ఏడాదే. అంటే తప్పు ఎక్కడుందన్న దాన్ని బట్టి డబ్బు ఎవరు పెట్టుకోవాలన్నది తేలుతుంది. అలాంటప్పుడు తప్పు ఎక్కడుందో ఒక్క మాటలో, నోటితో చెప్పేస్తే సరిపోదు. మెకానిక్ రాసిచ్చే జాబ్ షీట్‌లో కోడ్, కొలిచిన విలువ, మార్చిన పార్టు మూడూ రాయించుకోండి. సెన్సర్ పోయిందంటే మీటర్‌లో ఎన్ని కిలో ఓమ్‌లు చూపించింది, ఉండాల్సింది ఎంత. వోల్టేజ్ అంటే ఎంత, ఏ టైంకి. రాయనంటే ఆ రోజుకి పార్టు మార్పించుకోవద్దు. తీసేసిన పాత బోర్డు కూడా చూపించమనండి. మాట తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, మాన్యువల్స్, వారంటీ, సర్వీసు వివరాలు కంపెనీలు అక్కడ పెట్టాలన్నది దాని ఉద్దేశం. మంచి పనే, కానీ కర్నూల్లో మధ్యాహ్నం ఏసీ ఆగిపోయి, మంచం మీద పెద్దవాళ్లు చెమటలు కక్కుతుంటే పోర్టల్ ఎవరు తెరుస్తారు?

ఔట్‌డోర్ మూత లోపల మెకానిక్ కోసం వైరింగ్ బొమ్మ ఎలాగూ అంటించి పంపిస్తున్నారు. ఇండోర్ ముందు ప్యానెల్ ఎత్తితే ఫిల్టర్ పక్కన అరచేతంత ఖాళీ ఉంటుంది. అక్కడ ఆ మోడల్ కోడ్లు, వాటి అర్థాలు, ఇంటివాళ్లు చూసుకోవాల్సినవి తెలుగులో ఒక స్టిక్కర్ వేయడానికి కంపెనీకి అయ్యే ఖర్చు ఎంత? ఈసారి ఏసీ కొనేటప్పుడు షోరూంలో నేను స్టార్ల సంగతి కంటే ముందు ఇదే అడుగుతా.